ఆ గొంతు నడిచిన దారి

"ఇప్పుడు ఎడమవైపు గొలుసు దాటి రండి," అంది ఇయర్‌ఫోన్‌లో ఆడగొంతు. "భిక్షువులు ధ్యానం చేసుకున్న చోటు ఇదే. ఇంకొంచెం ముందుకు రండి. ఇక్కణ్ణించి లోయ బాగా కనిపిస్తుంది."

కుర్రాడు గొలుసు దాటాడు. టూరిస్టు వేషంలో ఉన్న సీక్రెట్ ఏజెంట్ అతను. ఎవరినీ నమ్మకూడదని ట్రైనింగ్‌లో తలకెక్కేదాకా నూరిపోశారు. రోడ్డు మీద ఎవరైనా టైమెంతని అడిగినా అనుమానించే రకం. కానీ టికెట్టుతో పాటు మెడలో తగిలించిన ఆడియో గైడ్‌ని అనుమానించాలని ఎవరికి తోస్తుంది? రమ్మంటే వస్తాం, ఆగమంటే ఆగుతాం, తలెత్తి చూడమంటే చూస్తాం. కన్నతల్లి మాట కూడా అంత బుద్ధిగా వినం.

కొండంతా మంచు పట్టి ఉంది. లోయ కనిపించలేదు. కొండ అంచు కూడా కనిపించలేదు.

అతని కేక ఎవరూ వినలేదు. అందరి చెవుల్లోనూ అదే గొంతు, గుహలు ఎవరు తొలిపించారో తీరిగ్గా చెబుతోంది.

*

బ్రీఫింగ్ రూమ్‌కి కిటికీల్లేవు. టేబుల్ మీద చచ్చిపోయినవాడి రిసీవర్ ఉంది. అద్దం పగిలినా మెమరీ చెడిపోలేదు. చీఫ్ బటన్ నొక్కి, ఎదురుగా కూర్చున్న ఏజెంటు మొహంలోకి చూస్తూ కూర్చుంది.

ఈ డిపార్ట్‌మెంట్‌లో పేర్లు వాడరు. ఫోన్లో ఎవరైనా దొంగతనంగా విన్నా ఏదో పెళ్లింటి గోల అనుకోవాలని, మొదట్లో ఎవరో మహానుభావుడు అందరికీ చుట్టరికాలు తగిలించాడు. చీఫ్ పేరు పెద్దమ్మ. కొండ మీంచి పడినవాడు తమ్ముడు. టూర్ కంపెనీలో గైడు వేషంలో ఉన్న ఏజెంటు మరదలు. కాపాడాల్సిన మనిషి ఎవరైనా సరే, పెళ్లికొడుకే. ఇంతమంది చుట్టాల్లో నిజంగా చుట్టాలు ఇద్దరే ఇద్దరు: బావ అనే ఈ ఏజెంటు, అక్క అనే అతని భార్య. ఆ అక్క మూడేళ్ల కిందట నదిలో లాంచీ పేలి పోయింది. శవం దొరకలేదు.

రిసీవర్‌లోంచి గొంతు వచ్చింది. "ఇప్పుడు ఎడమవైపు గొలుసు దాటి రండి..."

బావ టీ కప్పు కింద పెట్టాడు. సాసర్‌లో పెడుతున్నాననుకుని పక్కన ఫైలు మీద పెట్టాడు.

"ఎవరిది?" అంది పెద్దమ్మ.

"మా ఆవిడది."

"ల్యాబ్ కూడా అదే అంది. మిషన్‌తో పుట్టించిన గొంతు కాదు, మనిషిదేనని రిపోర్ట్. శాంపిల్ మరదలే స్వయంగా పట్టుకెళ్లి చూపించింది."

"మా ఆవిడ ఆ టూర్ కంపెనీకి కామెంటరీ చదివింది పెద్దమ్మా. కవర్ కోసం. ఇప్పటికీ ఆ సెట్లలో ఉన్నది ఆవిడ గొంతే."

"తెలుసు. కానీ గొలుసు దాటమన్న ముక్క ఆ కామెంటరీలో ఎక్కడా లేదు. కొత్తగా మాట్లాడిన మాట అది." పెద్దమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "చచ్చిపోయిన మనిషి కొత్త మాటలు మాట్లాడదు. అంటే ఏమిటో నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. ఆమె బతికే ఉంది. అవతలి ముఠా తరఫున బతికి ఉంది.

 మూడేళ్లుగా బావ దేవుణ్ణి అడుగుతున్నది ఒకటే, ఆమె ఎక్కడో బతికి ఉంటే చాలని. ఆ కోరిక తీరే దారి ఇప్పుడు కనిపించింది. అది తీరాలంటే ఆమె ద్రోహి కావాలి. ద్రోహి కాకపోతే ఆమె చచ్చిపోయినట్టే. ఇందులో ఏది కోరుకోవాలో తెలియక అతను గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. సిగ్గుతో చచ్చిపోతూనే, లోపల్లోపల మాత్రం మొదటిదే కోరుకున్నాడు.

"రేపటి టూర్ బస్సులో పెళ్లికొడుకు వస్తున్నాడు," అంది పెద్దమ్మ. "వయసు డెబ్బై. ముఠాకి ఇన్నాళ్లూ కోడ్‌లు కట్టిపెట్టింది ఆయనే. విసిగిపోయి మనవైపు వస్తున్నాడు. మన రహస్యాలు వాళ్లకి అమ్ముతున్న మనిషి ఎవరో ఆయనకి తెలుసు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఈయన పట్టిస్తానంటున్నాడు. కిందటివారం దారి చూసి రమ్మని తమ్ముణ్ణి పంపిస్తే ఏమైందో చూశావుగా."

"బస్సులోనే మాట్లాడెయ్యొచ్చుగా?"

"ఆఖరి గుడి దగ్గర తప్ప నోరు విప్పడట. ముందే ఎవరైనా పలకరిస్తే మాయమైపోతాడు. నీకు తోడు మరదలు ఉంటుంది. ఏడాదిగా ఆ కంపెనీలో గైడుగా మన కన్ను అదే." ఆవిడ రిసీవర్‌ని పక్కకి నెట్టింది. "ఆ గొంతు మనిషి దొరికితే ఏం చెయ్యాలో నీకు తెలుసు. చేతకాదంటే ఇప్పుడే చెప్పు, ఇంకొకరిని పంపిస్తాను."

"వద్దు. నేనే వెళ్తాను."

టెక్నికల్ సెక్షన్ ఆయన అతన్ని సాయంత్రానికల్లా ముసలాణ్ణి చేసేశాడు. తెల్లజుట్టు, బూడిదరంగు కోటు, చేతికర్ర. కర్ర పిడిలో మత్తు సూదులు రెండు. చెవిలో పెట్టిన హియరింగ్ ఎయిడ్‌తో టూర్ సెట్లలో ఏ చానల్ అయినా వినొచ్చు, మీట నొక్కి పెద్దమ్మకి మెసేజ్ పంపొచ్చు. చివరికి ఎడమ మోకాలికి అట్టబద్ద కట్టి బిగించాడు.

"ఇదెందుకండీ? కుంటడం నటించగలను."

"ఇలా అయితే నటించక్కర్లేదు. కాలు వంగదు."

*

టూర్ ఆఫీసు కౌంటర్ దగ్గర మరదలు రిసీవర్లు పంచుతోంది. ఆవపువ్వు రంగు స్కార్ఫు, తల మీదికి నెట్టిన నల్లకళ్లజోడు, నడుముకి చిన్న ట్రాన్స్‌మిటర్. ఆమె నవ్వితే క్యూలో ఉన్న మగవాళ్లు తమ వంతు వచ్చినా కదలడం లేదు. తమ్ముడు పడిపోయిన రోజు కూడా గైడు ఆమే. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయని ఆఫీసులో చెప్పుకున్నారు. కాటుక మాత్రం చెదరలేదట.

"బాబాయిగారూ, ఇది మీది," అని పైకి అంటూ, రిసీవర్ తాడు అతని మెడలో వేసేటప్పుడు చెవి దగ్గరికి వంగింది. "తెల్లజుట్టు నీకు బాగానే నప్పింది బావా. అక్క చూస్తే మళ్లీ పెళ్లాడేది."

"అక్క సంగతి ఇప్పుడెందుకు?"

"నువ్వెందుకు వచ్చావో నాకు తెలియదా?" ఆమె గొంతు మెత్తబడింది. "నిజంగా కనిపిస్తే ఏం చేస్తావు?"

"కనిపించనీ."

ఆమె అతని భుజం మీద చెయ్యి వేసి, చిన్నగా నొక్కి, తరవాతి మనిషి వైపు తిరిగింది. అక్కతో పాటు ఒకే బ్యాచ్‌లో ట్రైనింగ్ అయిన పిల్ల. అక్కావాళ్లింట్లోనే పడుకుని అక్కడే తిని పెరిగినంత పని చేసింది. ఆ చెయ్యి భుజం మీద పడితే బావకి కాస్త ధైర్యం వచ్చింది.

ఆమె తరవాత రిసీవర్ ఇచ్చింది ఒక బక్కపల్చటి పెద్దాయనకి. గొడుగు చంకలో పెట్టుకుని, రెండు చేతులతో ప్రసాదం పుచ్చుకున్నట్టు పుచ్చుకున్నాడు. ఏడో నంబరు సెట్టు, ఏడో చానల్. ఆయనే పెళ్లికొడుకు.

*

మొదటి చోటు కొండ మీది స్తూపం. ఆకాశం నిండా మబ్బులు. మరదలు మైకులో నాలుగు మాటలు చెప్పి ట్రాన్స్‌మిటర్ మీద నంబరు నొక్కింది. బస్సు జనం అందరి చెవుల్లోనూ ఒకేసారి అక్క నోరు విప్పింది.

"నమస్కారం. ఇక్కడ మెట్లు ఎత్తుగా ఉంటాయి. తొందరేం లేదు. మీరు పైకి వచ్చాక మాట్లాడతాను."

తరవాత ఏమీ లేదు. గాలి హోరు మాత్రం ఉంది. బావ వంగని కాలితో ఒక్కో మెట్టూ ఈడ్చుకుంటూ ఎక్కాడు. ఆఖరి మెట్టు మీద కర్ర ఆనించి, ఊపిరి పీల్చుకున్నాడో లేదో,

"వచ్చారా?" అంది ఆమె.

కర్ర జారబోయింది. పక్కకి తిరిగి చూశాడు కూడా. ఎవరూ లేరు. ఇటుకలు మాత్రం ఉన్నాయి. వాటి మీద వాన తడి, వాటి వెనక ఆ పెద్ద గుండ్రటి కట్టడం, లోపల ఎవరివో చితాభస్మాలు దాచుకుని, తలుపూ కిటికీ లేకుండా కూర్చుని ఉంది.

"ఇప్పుడు తలెత్తి చూడండి," అంది ఆమె. తలెత్తాడు.

ఈ కామెంటరీ ఎలా తయారైందో అతనికి తెలుసు. స్టూడియోలో కూర్చుని చదవమంటే అక్క ఒప్పుకోలేదు. మోకాళ్ల నొప్పులతో మూలిగే అత్తగారిని వెంటేసుకుని ఈ కొండలూ గుహలూ అన్నీ తిరిగింది. అత్తగారు ఎక్కడ ఆగితే అక్కడ తనూ నోరు మూసేది, అత్తగారు ఎక్కి వచ్చాకే మళ్లీ అందుకునేది. ఈ టూర్లకి వచ్చేది ముసలివాళ్లే కదా, వాళ్ల కాళ్లకి అందకుండా మాట్లాడితే ఎవరికోసం మాట్లాడినట్టు అనేది. ఇంటికొచ్చి అమ్మ "నీ పెళ్లాం నన్ను రాళ్లెక్కించి చంపుతోందిరా" అని గోల పెట్టేది. మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందు చెప్పులు తొడుక్కుని గుమ్మంలో నిలబడేది కూడా ఆవిడే.

ఇప్పుడు వంగని కాలితో ఆ అడుగుల్లోనే అడుగులు వేస్తుంటే, భార్య పక్కనే నడుస్తున్నట్టుంది. అతను అడుగు వెయ్యాలనుకునేసరికి ఆమె "పదండి" అంటోంది. ఆయాసం వచ్చేసరికి ఆగుతోంది. చచ్చినవాళ్లు ఇంత పక్కన నడవకూడదు అనుకున్నాడు బావ. భయమేసింది. ఆ భయం వదిలిపోకూడదని కూడా అనిపించింది.

స్తూపం చుట్టూ తిరుగుతూ హియరింగ్ ఎయిడ్‌తో అన్ని చానళ్లూ గాలించాడు. అన్నిట్లోనూ ఒకటే కామెంటరీ. పెళ్లికొడుకు నోరు కొంచెం తెరిచి, మంచి విద్యార్థిలా వింటున్నాడు.

*

రెండో చోటు గుహలు. తమ్ముడు పోయిన చోటు. ఆ గొలుసు తీసేసి కొత్తది కట్టారు, తళతళా మెరుస్తోంది. మరదలు జనాన్ని దానికి దూరంగా లోపలికి తీసుకెళ్లింది.

లోపల భిక్షువుల రాతి మంచాలు. తలవైపు రాతిలోనే చెక్కిన దిండ్లు, వేల తలలు ఆని ఆని నున్నగా గుంటపడ్డాయి. గోడ మీద బుద్ధుడి విగ్రహాలకు మొహాలు లేవు, ఎప్పుడో ఎవరో చెక్కేశారు. మొహం లేకపోయినా అవి చూస్తూనే ఉన్నాయి.

"ఇక్కడ మాట్లాడాలనిపించదు," అంది అక్క. "కాసేపు మనమూ ఊరుకుందాం."

బావ ఇక తట్టుకోలేక తన సెట్టు ఆపేశాడు. అయినా గొంతు ఆగలేదు. కాసేపటికి అదే మళ్లీ మొదలైంది, సన్నగా, చీకట్లోంచి, ఈ మూల నుంచీ ఆ మూల నుంచీ. పక్కవాళ్ల చెవుల్లోంచి కారుతున్న గొంతది. గుహ దాన్ని పట్టుకుని, నాలుగు గోడలకీ పంచి, తిరిగి అతని మీదికే పంపిస్తోంది.

చివరి గదిలో ఒక ఆడమనిషి అటు తిరిగి నిలబడి ఉంది. తడిజుట్టు, వదులు జడ, కుడిభుజం కొంచెం కిందికి. బావ వేలు కర్ర మీటమీద పడింది.  నువ్వే అయితే తిరగొద్దు అనుకున్నాడు. తిరిగితే నేనేం చెయ్యాలో నాకు తెలుసు.

ఆమె తిరిగింది. ఎవరో టూరిస్టు, తడిసిన కెమెరా తుడుచుకుంటోంది. "ఫొటో తీసిపెడతారా తాతగారూ?" అంది. తీసిపెట్టాడు. ఫొటోలో సగం గోడే పడి ఉంటుంది. ఆవిడ మర్యాదస్తురాలు, ఏమీ అనలేదు.

*

మూడో చోటు కొండని తొలిచిన విష్ణ్వాలయం. పొడుగాటి చీకటి మండపం, అడుగడుక్కీ ఎత్తు గడపలు, లోపలెక్కడో శేషుడి మీద పడుకున్న స్వామి. మరదలు నంబరు నొక్కింది. "గడపలు జాగ్రత్త," అంది అక్క అందరితో. "ఒక్కొక్కటీ దాటండి. నేను ఆగుతాను."

బావ తన సెట్టు మళ్లీ పెట్టుకుని, హియరింగ్ ఎయిడ్‌లో చానళ్లు తిప్పుతున్నాడు. ఏడో నంబరు దగ్గర వేలు ఆగిపోయింది.

"కుడివైపు చిన్న దారిలోకి రండి," అంటోంది అందులో అక్క. "మీకోసం ప్రత్యేకంగా ఒకటి చూపిస్తాను."

అది కామెంటరీలో లేని మాట. ఎడమ చెవిలో ఒక భార్య అందరినీ గడపలు దాటిస్తోంది, కుడి చెవిలో ఇంకో భార్య ఒక ముసలాయన్ని పక్కదారి పట్టిస్తోంది. రెండూ ఒకటే గొంతు, ఇసుమంత తేడా లేదు.  ఉంది. బతికే ఉంది. ఇక్కడే ఎక్కడో ఉండి మాట్లాడుతోంది.

పెళ్లికొడుకు బుద్ధిగా కుడివైపు తిరిగాడు. బావ స్తంభాల చాటున వెంబడించాడు.

"ఇప్పుడు మీరు స్వామి పాదాల దగ్గర ఉన్నారు. పైకి చూడండి, కప్పు మీద పద్మం ఉంది."

పెళ్లికొడుకు ఇంకా ఆ దారి మొదటి గడప దగ్గరే ఉన్నాడు. గొడుగు ఊతగా పట్టుకుని ఒక కాలు అటు వేసి, రెండో కాలు ఎలా తేవాలా అని చూస్తున్నాడు. పైకి చూడమన్నారు కాబట్టి చూశాడు. పైన నల్లటి రాయి తప్ప ఏమీ లేదు. పాపం, తన కంటిచూపే మందగించిందనుకున్నాడేమో, కళ్లు నులుముకున్నాడు.

బావ అక్కడే ఆగిపోయాడు.

గొంతు ఆమెదే. కాళ్లు ఆమెవి కావు.

అత్తగారి మోకాళ్లకి తగ్గట్టు మాటలు పేర్చుకున్న మనిషి, ఇంత ఎత్తు గడప దగ్గర ఒక ముసలాణ్ణి ఒంటికాలి మీద వదిలేసి ముందుకు పోదు. ద్రోహి అయినా పోదు. చంపడానికి తీసుకెళ్తున్నా సరే, ఆగి తీసుకెళ్తుంది. ఇది బాగా నడవగలిగినవాళ్లెవరో, తమ నడకని బట్టి నొక్కుతున్న బటన్.

అతను స్వామి పాదాల వైపు చూశాడు. మరదలు అప్పుడే అక్కడికి చేరింది. మడమలు ఎత్తి ఎత్తి నడిచే చురుకైన నడక. ఆమె చెయ్యి నడుము దగ్గర ట్రాన్స్‌మిటర్ మీద ఉంది. అక్కణ్ణించి ఆమె శంఖం చెక్కిన గోడ దగ్గరికి వెళ్లింది. ఆమె వెళ్లి ఆగగానే చెవిలో గొంతు అంది: "ఇప్పుడు శంఖం దగ్గరికి వచ్చాం."

ఆమె ఎక్కడికి చేరితే గొంతు అక్కడికి చేరుతోంది. ల్యాబ్‌కి శాంపిల్ పట్టుకెళ్లిన చెయ్యి కూడా ఆ చెయ్యే. మిషన్‌తో పుట్టించిన మాటలకి బదులు అక్క అసలు కామెంటరీలో ఒక ముక్క కోసి ఇచ్చి ఉంటుంది. మనిషి గొంతా అంటే ల్యాబ్ వాళ్లు అవుననక ఏమంటారు?

అంటే అక్క ద్రోహి కాదు. ఆ సంతోషం బావ గుండెలోకి వచ్చి కూర్చునేలోపే దాని వెనకాలే రెండోది వచ్చేసింది. ద్రోహి కాకపోతే బతికి లేదు. పొద్దుట్నించీ పక్కనే నడిచిన మనిషి ఆ గడప దగ్గర ఒక్కసారిగా చచ్చిపోయింది. మూడేళ్ల కిందట చచ్చిపోయినప్పుడు కూడా ఇంత నొప్పి వెయ్యలేదు.

కర్ర మీద బరువు వేసి నిలబడి, హియరింగ్ ఎయిడ్ మీట నొక్కి పెద్దమ్మకి మెసేజ్ పంపించాడు. "పెళ్లి చెడగొడుతున్నది మరదలే. వంటవాళ్లు ఎక్కడున్నారో తెలియదు."

వంటవాళ్లంటే హంతకులు. జవాబు వెంటనే వచ్చింది. "నదివైపు మనవాళ్లని పంపుతున్నాను. ఆలస్యమవుతుంది. పెళ్లికొడుకుని వదలకు." ఆ పెళ్లికొడుకు రెండో గడప చూసి, ఇక తన వల్ల కాదని జనంలోకి తిరిగొచ్చేశాడు.

*

ఆఖరి చోటు నది ఒడ్డున శివాలయం. సగం గుడిని నది ఎప్పుడో మింగేసింది. మిగతా సగం ఒడ్డున నిలబడి, పోయిన సగం కోసం చూస్తున్నట్టుంటుంది. పై మండపం నుంచి మెట్లు నీళ్లలోకి దిగి, అక్కడే మాయమైపోతాయి. లాంచీ పేలింది ఈ నదిలోనే, ఆ కనిపించే మలుపులోనే. నీళ్ల హోరుకి, పైనుంచి అరిచినా కింది మెట్ల మీదికి వినపడదు.

మరదలు జనాన్ని ముందు ప్రాకారంలోకి పంపించి, తను పై మండపంలో స్తంభం వెనక్కి వెళ్లింది. ఏడో చానల్‌లో గొంతు మొదలైంది. "మెట్లు దిగి కిందికి రండి. మునిగిపోయిన నంది కనిపిస్తుంది." పెళ్లికొడుకు గొడుగు చంకలో పెట్టుకుని, మెట్లకి అడ్డంగా కట్టిన తాడు దాటాడు.

"మరదలా," అన్నాడు బావ ఆమె వెనక నిలబడి.

ఆమె ఉలిక్కిపడలేదు. తిరిగేసరికి స్కార్ఫు మడతల్లో చిన్న పిస్టల్ ఉంది. నవ్వు అలాగే ఉంది.

"ఎక్కడ దొరికిపోయాను బావా?"

"నువ్వు మరీ తొందరగా నడుస్తావు."

ఆమెకి అర్థం కాలేదు. అర్థం చేసుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు. "కింద నీళ్ల అంచున పడవలో మనిషి ఉన్నాడు. ముసలాయన ఆఖరి మెట్టు దిగితే అయిపోతుంది. నిన్ను చంపాలని నాకు లేదు. నువ్వు ఇక్కడే కూర్చో, నేను వెళ్లిపోతాను."

"లాంచీ సంగతి చెప్పు."

మొదటిసారి ఆమె కళ్లు పక్కకి వెళ్లాయి. "అక్కకి నా సంగతి తెలిసిపోయింది. నీకు చెబుతానంది. నేనే ఎక్కించాను లాంచీ. లాంచీలోంచి చెయ్యి ఊపింది బావా, సాయంత్రం భోజనానికి రమ్మంది." ఆమె పెదవి కొరుక్కుంది. "ఆ గొంతు మిషన్‌లో పెట్టినప్పుడు మొదటిరోజు నేనూ నిద్రపోలేదు. తరవాత అలవాటైపోయింది."

"నాకు కాలేదు," అన్నాడు బావ.

కర్ర టక్కుమంది. సూది ఆమె మెడలో దిగింది. పిస్టల్ పేలి కప్పు రాయి చిట్లింది, ఆ మోత కూడా నదే మింగేసింది. ఆమె స్తంభాన్ని పట్టుకుని జారుతూ కూలబడింది, చెయ్యి ట్రాన్స్‌మిటర్ మీద పడి ఆఖరి బటన్ నొక్కేసింది.

"ఇంకా కిందికి రండి," అంది గొంతు. "ఇంకా. ఆఖరి మెట్టు దాకా రండి."

బావ మండపం అంచుకి వచ్చి చూశాడు. పెళ్లికొడుకు చాలా కిందికి దిగిపోయాడు. నీళ్లని తాకే మెట్ల పక్కన, విరిగిన గోడ నీడలో పడవ. అందులో మనిషి మోకాళ్ల మీద కూర్చుని సైలెన్సర్ బిగించిన పిస్టల్ ఎత్తి పట్టుకున్నాడు. గోడ మలుపు దాటి ముసలాయన ఒక్క అడుగు వేస్తే చాలు. ఈ కాలితో బావ సగం మెట్లు కూడా దిగలేడు. అరిస్తే వినపడదు. మైకులో తను మాట్లాడితే? ఇంతసేపూ ఆడగొంతు పలికిన చెవిలో మగగొంతు పలికితే ముసలాయన హడలిపోయి ఎటు పరిగెడతాడో చెప్పలేం.

ఆయన నమ్మేది ఒక్క గొంతునే.

బావ ట్రాన్స్‌మిటర్ లాక్కుని, అన్ని చానళ్లూ కలిపే మీట వేసి, ఈ గుడి నంబరు నొక్కాడు.  ఒక్క క్షణం ఏమీ పలకలేదు.

"ఇక్కడ ఆగండి," అంది అక్క.

పెళ్లికొడుకు ఎత్తిన కాలు గాల్లోనే ఆగింది.

"కింది మెట్లు నాచు పట్టి ఉంటాయి. నేనూ జారిపడ్డాను, మా అత్తయ్య పట్టుకోబట్టి బతికాను. వెనక్కి రండి. ఎడమవైపు రాతి అరుగు ఉంటుంది, అలిసిపోతే కూర్చోండి. నంది ఎక్కడికీ పోదు."

ఆయన వెనక్కి జరిగాడు. ఎడమవైపు అరుగు ఉంది. గొడుగు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

పడవలో వాడు ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు. విసుగొచ్చి మెట్టెక్కి గోడ పక్కనుంచి తల బయట పెట్టాడు. ఈలోపు కిందికి దిగివచ్చిన బావ రెండో సూది వదిలాడు. నాచు మీద కాలు జారి, వాడు తన పడవలోకే వెల్లకిలా పడ్డాడు. కాసేపటికి పెద్దమ్మ పంపిన మోటారుబోటు వచ్చి ఆ పడవని అలాగే తాడు కట్టి లాక్కుపోయింది.

*

బావ మిగతా మెట్లు దిగి అరుగు మీద కూర్చున్నాడు. ఊపిరి తీసుకుని, కోడ్ మాట అన్నాడు.

"ఈ రాళ్లకి నూనె ఎవరు రాస్తారండీ?"

"వాన రాస్తుంది," అన్నాడు పెళ్లికొడుకు, బావని ఎగాదిగా చూస్తూ. "మీలో మరదలు అని పిలిచే మనిషి ఉంది, మొహం నేనెప్పుడూ చూడలేదు, జాగ్రత్త బాబూ. మీ ఇంట్లో పాము ఆమే."

"పైన పడుకుని ఉంది లెండి."

"ఆలస్యంగా చెప్పానన్నమాట." ఆయన తల ఊపాడు. "మూడేళ్ల కిందట ఇంకో అమ్మాయి కనిపెట్టింది ఆ సంగతి. అందుకే లాంచీలో..."

బావకి జవాబు తెలుసు. అయినా అడిగాడు. "ఆ అమ్మాయి ఈదుకుని బయటపడే అవకాశం ఏమైనా..."

"లేదు బాబూ. వాళ్లు పంపుకున్న కబురు నా చేతుల మీదుగానే వెళ్లింది."  పెద్దాయన చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, అది విరిగిపోతుందేమో అన్నంత జాగ్రత్తగా తాడు చుట్టాడు. "ఇందులో మాట్లాడే ఆవిడ ఎవరో గానీ, మధ్యలో కాస్త తిక్కగా చెప్పింది. లేకపోతే బంగారం లాంటి మనిషి. మా కాళ్లనొప్పులు మాకంటే బాగా తెలిసినట్టుంది."

బావ మొహం నది వైపు తిప్పుకున్నాడు. తెల్లజుట్టు ముసలాడు గుళ్లో కూర్చుని ఏడిస్తే ఎవరూ వింతగా చూడరు. వేషానికి ఆ ఒక్క సుఖం ఉంది.

పెద్దమ్మ ఫోన్ చేసింది. "గొంతు ఎవరిదో తేలిందా?"

"తేలింది. ఆమెదే. అందులో తప్పు మాటలు మాత్రం ఆమెవి కావు."

"మరి ఆమె?"

"లేదు పెద్దమ్మా."

 "నిర్దోషి అని ఫైల్లో నేనే నా చేత్తో రాస్తాను," అంది పెద్దమ్మ. డిపార్ట్‌మెంట్‌లో ఆవిడ గొంతు వణకడం ఎవరూ విని ఉండరు. బావ విన్నాడు గానీ, విననట్టు ఫోన్ పెట్టేశాడు.

బస్సు టూర్ ఆఫీసుకి తిరిగొచ్చింది. గైడుగారికి హఠాత్తుగా ఒంట్లో బాగోలేక వేరే బండిలో వెళ్లారని జనానికి చెప్పారు, ఎవరూ అనుమానించలేదు. కౌంటర్ దగ్గర కూర్చున్న అమ్మాయి రిసీవర్లు వెనక్కి తీసుకుంటోంది. బావ తనది మెడలోంచి తీసి, ఇవ్వడానికి కొంచెం ఎక్కువసేపే తీసుకున్నాడు.

"కామెంటరీ ఎలా ఉందండీ తాతగారూ?" అంది ఆ అమ్మాయి. "పాతబడిపోయిందని మార్చేద్దామనుకుంటున్నారు మావాళ్లు."

"మార్చొద్దని చెప్పమ్మా," అన్నాడు బావ. "ఇంట్లో ఎప్పుడూ నాతో ఇంత ఓపిగ్గా మాట్లాడలేదు."